కణత్వచ ప్రోటీనులు — ఎక్స్ కిరణ లేసరు

చక్కెరయు బెల్లమును ఒకే చెరకు రసమునుండి వచ్చునవే. చోడవరము, అనకాపల్లి ప్రాంతముల రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పెనములో పాకము ముదిరిన పిమ్మట దానిని దించి, తెడ్డుతో త్రిప్పుచు త్వరగా చల్లార్చినచో బెల్లపు దిమ్మ తయారగును. ఆ దిమ్మను విరిచి భూతద్దము క్రింద చూచినచో అతి సన్నని రవ్వ కానవచ్చును. గోవాడ చక్కెర కర్మాగారమును చూచినవారికి రెండవ పద్ధతి తెలియును. అచ్చట రసమును శుద్ధిచేసి, గాలి తీసివేసిన పాత్రలో తక్కువ వేడిమిపై చిక్కబరచి, పలుకును నెమ్మదిగా పెంచెదరు. పటికబెల్లము చేయువారు ఇంకను ఓపిక పట్టుదురు. వారి దారము చుట్టును పెరుగు స్ఫటికములు వ్రేలి కణుపంత యుండును. పదార్థ మొక్కటే, స్ఫటికము పరిమాణములోనే భేదము.

స్ఫటికము పెద్దదై యుండవలెనా, చిన్నదైనను చాలునా అను ప్రశ్న మిఠాయి దుకాణమునకు సంబంధించినదిగా తోచును. కాని అణువుల ఆకృతిని పరిశోధించువారికి ఇది నూరేండ్లుగా ప్రాణప్రదమైన ప్రశ్న. తగినంత పెద్ద స్ఫటికము దొరకక ఎన్నియో పరిశోధనలు ఏండ్ల తరబడి నిలిచిపోయినవి. మన శరీరములో మందులు పనిచేయు స్థానములు పెక్కు అట్లు నిలిచిపోయిన వానిలో చేరినవి. బెల్లపు రవ్వకంటె ఎన్నో రెట్లు సన్నని స్ఫటికములతోనే పని జరుపుకొను మార్గ మొకటి 2009 తరువాత ఏర్పడినది. ఆ మార్గము విచిత్రమైనది. స్ఫటికమును చూచు క్షణముననే దానిని నాశనము చేయుట అందలి కీలకము.

మొదట ఆ స్థానము లెవ్వియో చూతము. మన దేహములోని ప్రతి కణమునకు చుట్టును ఒక పొర కలదు. దానిని కణత్వచ మందురు. క్రొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకొనగా ఈ పొర ఏర్పడును. దీని మందము సెంటీమీటరులో సుమారు ఇరువది లక్షలవ వంతు. నీటిలో కరగిన ఉప్పుగాని చక్కెరగాని ఈ క్రొవ్వు పొరను తమంతట తాము దాటజాలవు. దాటవలెనన్న ద్వారములు కావలెను. బయటి వార్త లోపలికి చేరవలెనన్న దానిని అందుకొనువారు కావలెను. ఈ పనులన్నియు త్వచములో పాతుకొనియున్న ప్రోటీనులు చేయును. మానవుని జన్యువులలో ప్రోటీనులకు సంబంధించినవానిలో సుమారు నాలుగవ వంతు ఇట్టి త్వచ ప్రోటీనులకే చెందినవి.

రక్తపుపోటు సంగతి తీసికొందము. యాంజియోటెన్సిను అను చిన్న పదార్థము రక్తములో ప్రవహించుచు, రక్తనాళముల కండర కణముల త్వచములోనున్న ఒక ప్రోటీనును తగులును. తగిలినంతనే నాళము ముడుచుకొనును, పోటు పెరుగును. ఆ ప్రోటీనును యాంజియోటెన్సిను గ్రాహక మందురు. మన ఇండ్లలో పెద్దవారు ప్రతిదినము వేసికొను టెల్మిసార్టను, లోసార్టను మాత్రలు చేయు పని యొక్కటే: యాంజియోటెన్సిను వచ్చి కూర్చుండవలసిన పీటపై తాము ముందుగా పోయి కూర్చుండుట. లోసార్టను 1995లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. ఆ గ్రాహకము ఆకృతి మానవుని కంటబడినది 2015లో. అనగా ఇరువది సంవత్సరములు తాళమును చూడకయే తాళపుచెవిని వాడినా మన్నమాట! ఇది రసాయన శాస్త్రజ్ఞుల ప్రతిభకు తార్కాణమే. కాని చీకటిలో చెవుల నరగదీసి, పట్టనివానిని పారవేయుచు పోవుట ఎంతటి కాలహరణము! తాళము లోపలి పళ్ళు కనబడినచో ఆ శ్రమ కొంత తగ్గును. ప్రక్కింటి తాళమునకు పట్టని చెవిని, అనగా ఇతర అవయవములకు కీడు చేయని మందును, యోచించి తయారుచేయుటకు వీలగును. వాడుకలోనున్న మందులలో సుమారు మూడవ వంతు ఈ గ్రాహక కుటుంబముమీదనే పనిచేయుచున్నవి కనుక ఇది స్వల్ప విషయము కాదు.

ఇక ఇంతటి సూక్ష్మమైన తాళమును చూచుట యెట్లు? కంటికి కనబడు కాంతి యొక్క తరంగదైర్ఘ్యము పరమాణువుల మధ్య దూరముకంటె కొన్ని వేల రెట్లు పెద్దది. పడవను చూచి లేచిన కెరటము గులకరాయిని గుర్తింపజాలదు గదా. ఎక్స్ కిరణముల తరంగదైర్ఘ్యము ఆంగ్‌స్ట్రాము పరిమాణములో, అనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు ప్రాంతములో నుండును. పరమాణువుల మధ్య దూరములును అంతియే. 1912లో జర్మనీలో లౌవే సూచనపై ఎక్స్ కిరణములను స్ఫటికముగుండా పంపగా అవి చెదరి, ఛాయాఫలకముపై చుక్కల ముగ్గువలె పడినవి. దీనిని వివర్తన మందురు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో బ్రాగ్ తండ్రికొడుకులు ఆ ముగ్గునుండి పరమాణువుల అమరికను లెక్కకట్టి చూపిరి.

ఒక్క అణువు చాలదా, స్ఫటికమే యెందుకు అని విద్యార్థులు తరచు అడుగుదురు. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు ఆడుటను వారు చూచియేయుందురు. ఒక్కడు గుండెమీది తప్పెటను కొట్టినచో ఆ వీధివరకు వినబడును. ఇరువదిమంది ఎవరికి తోచినట్లు వారు కొట్టినచో అది రొద. ఆ ఇరువదిమందియే ఒకే దరువున కొట్టినచో ప్రక్క ఊరివారు లేచి కూర్చుందురు. స్ఫటికములో కోట్ల కొలది అణువులు ఒకే ముఖముగా, ఒకే ఎడముతో నిలిచియుండును. వాటిపై చెదరిన కిరణములు కొన్ని దిక్కులలో ఒకదానికొకటి తోడై స్పష్టమైన చుక్కలగును. స్ఫటికము ఎంత పెద్దదైనచో దరువు అంత గట్టిగా వినబడును. ఈ చుక్కల తీవ్రతలను కొలిచి, తరంగముల దశలను వేరు ఉపాయములతో నిర్ణయించి, అణువు ఆకృతిని గణింతురు. దశల సంగతి పెద్ద గ్రంథము, ఇచ్చట విడిచెదను. ఈ పద్ధతితో 1958లో కెండ్రూ మయోగ్లోబిను ఆకృతిని, అటుపిమ్మట పెరూట్జ్ హిమోగ్లోబిను ఆకృతిని కనుగొని, 1962లో నోబెలు బహుమానమును పంచుకొనిరి. ఆ మరుసటి సంవత్సరము మదరాసులో జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రకటించిన పటముతోనే నేటికిని ప్రపంచములో ప్రతి ప్రోటీను నిర్మాణమును సరిచూచుచున్నారు.

మయోగ్లోబిను, హిమోగ్లోబిను నీటిలో కరగునవి. త్వచ ప్రోటీనుల తీరు వేరు. త్వచములో మునిగియుండు వాని నడుము క్రొవ్వును కోరును. రెండు కొనలు నీటిని కోరును. వానిని నీటిలోనికి లాగినచో నడుములు ఒకదానికొకటి అంటుకొని ముద్దయగును. అందుచేత సబ్బువంటి పదార్థముతో ఆ నడుమునకు పట్టీ చుట్టవలెను. పట్టీ చుట్టిన పిమ్మట ప్రోటీను నీటిలో నిలుచును గాని, ఒకదానిచేయి ఒకటి పట్టుకొని వరుసకట్టుటకు చిన్న కొనలుమాత్రమే మిగులును. జారుడు పట్టీల మనుష్యులను దండగా నిలబెట్టుటవంటిది ఈ పని. జర్మనీలో హార్ట్‌ముట్ మిఖెల్ 1982లో దీనిని మొదట సాధించెను. ఒక సూక్ష్మజీవిలో సూర్యకాంతిని గ్రహించు త్వచ ప్రోటీను ఆకృతి 1985లో వెలువడినది. మిఖెల్, డైసెన్‌హోఫర్, హూబర్ మువ్వురకు 1988లో నోబెలు బహుమానము లభించినది. అటుపిమ్మట 1996లో స్విట్జర్లాండులో లాండౌ, రోజెన్‌బుష్ అను వారు ఇంకొక ఉపాయము కనిపెట్టిరి. ఒక విధమైన క్రొవ్వును నీటితో కలిపి చిక్కని ముద్దచేసి, ప్రోటీనును అందులోనే ఉంచిరి. నడుమునకు క్రొవ్వు, కొనలకు నీరు రెండును దొరకుటచే ప్రోటీను తన యింటనున్నట్లే కుదురుగా నుండి స్ఫటికమగును. కాని ఆ ముద్దలో పెరుగు స్ఫటికములు తరచు అతి చిన్నవి; కంటికి ఆనవు.

చిన్న స్ఫటికము దరువు బలహీనము. కిరణముల తీవ్రత పెంచినచో సరిపోవును గదా యందురేమో. ఇచ్చటనే అసలు చిక్కు వచ్చినది. ఎక్స్ కిరణములలో చెదరునవి కొన్ని; స్ఫటికములో ఇంకిపోవునవి అంతకంటె ఎక్కువ. ఇంకిన శక్తి పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టి, బంధములను త్రెంచును. స్ఫటికమును ద్రవ నైట్రోజనుతో చల్లార్చి కొంత కాపాడవచ్చును గాని దానికిని హద్దు కలదు. చిన్న స్ఫటికము ముగ్గు పూర్తికాకమునుపే చెడిపోవును.

చెడిపోయినదని తెలిసినచో అంత ప్రమాదము లేదు. తెలియకుండ చెడుట అంతకంటె హానికరము. దీనికి మంచి నిదర్శన మొకటి కలదు. చెరకు ఆకులోను, వరి ఆకులోను నీటిని విడగొట్టి మనకు ప్రాణవాయువు నిచ్చునది రెండవ కాంతివ్యవస్థ అను త్వచ ప్రోటీను. దాని గర్భములో నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియము, అయిదు ఆక్సిజనులు కలసిన చిన్న గుత్తి యున్నది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జుంకో యానో, విఠల్ యాచంద్ర ప్రభృతులు 2005లో ఒక సంగతి చూపిరి. ఆకృతిని కనుగొనుటకు వాడు ఎక్స్ కిరణముల వలననే ఆ గుత్తి మారిపోవుచున్నదట! పటములో కనబడినది ప్రకృతిలోని గుత్తి కాదు, కిరణములు పాడుచేసిన గుత్తి. ఛాయాచిత్రము తీయువాని దీపపు వేడిమికి పువ్వు వాడిపోగా, వాడిన పువ్వునే అసలు పువ్వని నమ్మినట్లు.

స్వీడనులో నాయిట్జ్, హాయ్‌డు మొదలగువారు 2000లో ఈ చిక్కునకు ఒక సాహసమైన సమాధానమును ప్రకటించిరి. వారి వాదము సులభము. స్ఫటికము చెడుటకు కొంత వ్యవధి కావలెను. ఎలక్ట్రాను ఊడిపోయినంతనే పరమాణువు స్థానము వదలదు. దానికిని బరువున్నది, కదలుటకు కాలము పట్టును. ఆ కాలముకంటె పొట్టిదైన ఒకే కిరణపు తునుకలో, కావలసిన కాంతినంతటిని క్రుమ్మరించినచో? స్ఫటికము తప్పక ప్రేలిపోవును. కాని అది ప్రేలుటకు ముందే చెదరిన కిరణములు ఫలకమును చేరియుండును. పరుగెత్తు వార్తాహరునివలె అవి ముందే బయటపడును. వెనుక ఇల్లు కాలిపోయినను నష్టము లేదు.

అప్పటికి ఇది కాగితముమీది గణితము మాత్రమే. అంత పొట్టి తునుకనిచ్చు ఎక్స్ కిరణ యంత్రము భూమిపై లేదు. అది 2009 ఏప్రిలులో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డులో, స్లాక్ ప్రయోగశాలయందు వెలిగినది. అచ్చట ఎలక్ట్రానుల వేగము పెంచు మూడు కిలోమీటర్లకు పైబడిన యంత్రము 1960 దశాబ్దమునుండి యుండెను. అందులో చివరి కిలోమీటరును ఈ పనికి వాడుకొనిరి. కాంతివేగమునకు అతి చేరువగా వచ్చు ఎలక్ట్రానుల గుంపును ఉత్తర దక్షిణ ధ్రువములు ఒకటి విడిచి ఒకటిగా పేర్చిన అయస్కాంతముల వరుసలోనికి పంపుదురు. ఎలక్ట్రానులు పామువలె మెలికలు తిరుగుచు ఎక్స్ కిరణములను విడుచును. ఆ కిరణములు తిరిగి ఎలక్ట్రానులనే త్రోసి, వానిని సన్నని పొరలుగా వరుసపరచును. వరుసపడిన ఎలక్ట్రానులు ఒకే దరువున కిరణములను విడువగా వెలుగు అపారముగా పెరుగును. తప్పెటగుళ్ళ సామ్యము ఇచ్చటను పనికివచ్చును. దీనినే స్వేచ్ఛా ఎలక్ట్రాను లేస రందురు.

ఒక్కొక్క తునుకలో సుమారు లక్ష కోట్ల కాంతికణము లుండును. తునుక నిడివి కొన్ని పదుల ఫెమ్టోసెకనులు. సెకనును పది కోట్ల కోట్ల భాగములు చేసినచో అందొక భాగము ఫెమ్టోసెకను. కాంతి ఒక్క సెకనులో భూమిని ఏడుమార్లు చుట్టివచ్చునంత దూరము పోవును గదా. 70 ఫెమ్టోసెకనులలో అది ఒక తలవెంట్రుక మందమునైనను పూర్తిగా దాటజాలదు.

ఈ యంత్రముతో జరిపిన తొలి గొప్ప ప్రయోగము 2011 ఫిబ్రవరిలో వెల్లడియైనది. హెన్రీ చాప్‌మన్, పెట్రా ఫ్రోమ్మె, జాన్ స్పెన్స్ ప్రభృతులు పెద్ద బృందముగా కూడి చేసిన పని అది. వారు ఎన్నుకొన్నది మొదటి కాంతివ్యవస్థ అను త్వచ ప్రోటీను; వేడినీటి ఊటలలో పెరుగు ఒక నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవి నుండి తీసినది. మూడు భాగములు కలసిన ఈ మహాణువులో 36 ప్రోటీను గొలుసులు, 288 పత్రహరిత అణువులు కలవు. ఫ్రోమ్మె అంతకుముందు బెర్లినులో సహచరులతో కలసి, పెద్ద స్ఫటికములు పెంచి, దీని ఆకృతిని సాధించుటకు పదేండ్లకు పైగా శ్రమించెను. ఆ ఫలితము 2001లో వెలువడినది. ఇప్పుడో, ఆమె వాడిన స్ఫటికములలో పెద్దవి మిల్లీమీటరులో అయిదువందలవ వంతు. చిన్నవి అందులో పదవ వంతు.

ఆ స్ఫటికములను నీటిలో కలిపి, మైక్రోమీటర్ల సన్నని ధారగా చిమ్మి, లేసరు తునుకలకు అడ్డముగా పోనిచ్చిరి. స్ఫటిక మొకటి వచ్చి తునుకకు తగిలినప్పుడు ముగ్గు పడును, స్ఫటికము మాయమగును. మరుక్షణమున ధార క్రొత్త స్ఫటికమును తెచ్చును. ముప్పది లక్షలకు పైగా చిత్రములు సేకరించిరి. అందు నిర్మాణమును లెక్కించుటకు పనికివచ్చినవి సుమారు పదునైదు వేలు మాత్రమే; అనగా రెండువందలకు ఒకటి. ప్రతి స్ఫటికము తన యిష్టమువచ్చిన దిక్కునకు తిరిగియుండును గనుక, ఏది ఎటు తిరిగినదో గణనయంత్రము ఆ ముగ్గునుండియే పోల్చి, అన్నిటిని ఒక్క లెక్కగా కూర్చవలెను. స్ఫటికములు పుచ్చుకొన్న కిరణమోతాదు మామూలు హద్దునకు ఇరువది రెట్లకు పైబడినది. ఐనను ముగ్గులో చెడిన జాడ కనబడలేదు. నాయిట్జ్ గణితము నిజమైనది.

దీనిలో లోపములు లేకపోలేదు. ఆనాటి పటములో ప్రోటీను గొలుసులు మెలిదిరిగిన కడ్డీలవలె కనబడినవేగాని విడివిడి పరమాణువులు కనబడలేదు. అంతకంటె బాధాకరము వ్యర్థము. ధార నిరంతరము పారుచునే యుండును. తునుకలు నడుమ నడుమ వచ్చును. తగిలినది కొంచెము, పారిపోయినది కొల్ల. ఎంతో కష్టపడి కొద్ది మిల్లీగ్రాములు కూడబెట్టిన ప్రోటీనును ఇట్లు నేలపాలుచేయుట ఎవరికి మనసొప్పును?

చిక్కని క్రొవ్వు ముద్ద ఇచ్చట అక్కరకు వచ్చినది. మన ఇండ్లలో జంతికల గొట్టముతో పిండిని ఒత్తుదురు గదా. అట్టిదే, రంధ్రము మాత్రము వెంట్రుకంత సన్ననిది. స్ఫటికములతో కూడిన ముద్దను దానిలోనుంచి ఒత్తగా నెమ్మదిగా, తీగవలె దిగును. స్ఫటికములు పెరిగిన ముద్దయే కిరణములకు వాటిని అందించు వాహనముగ కూడ నైనది. అరిజోనాకు చెందిన వైయర్‌స్టాల్ ప్రభృతులు ఈ గొట్టమును తయారుచేసిరి. వాడిమ్ చెరెజోవ్ బృందము దీనితో 2013లో సెరోటోనిను గ్రాహక మొకదాని ఆకృతిని పరమాణువుల అమరిక తెలియునంత స్పష్టముగా వెల్లడించెను. స్ఫటికముల వెడల్పు సుమారు అయిదు మైక్రోమీటర్లు. ఖర్చైన ప్రోటీను అర మిల్లీగ్రామునకు లోపు. 2015లో ఆ బృందమే యాంజియోటెన్సిను గ్రాహకమును, రక్తపుపోటు మందులజాతికి చెందిన ఒక పదార్థము దాని గుంటలో కూర్చుండగా, 2.9 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో చూపినది. పైన నేను చెప్పిన తాళము కనబడుట యిదియే.

మాంగనీసు గుత్తి కథయు ముందునకు సాగినది. జపానులో షెన్ బృందము 2011లో మామూలు ఎక్స్ కిరణములతోనే ఆ గుత్తి యొక్క చక్కని పటమును గీసెను. 2015లో అదే బృందము హరిమ వద్దనున్న సాక్లా లేసరుతో పటమును మరల గీయగా, కొన్ని మాంగనీసుల మధ్య దూరములు ఆంగ్‌స్ట్రాములో పదవ వంతు, అయిదవ వంతు తగ్గినట్లు తేలినది. ఇంత స్వల్ప భేదమునకు ఇంత హంగామా యెందులకని తోచవచ్చును. నీటిని విడగొట్టు రసాయనక్రియ జరుగునది ఆ స్వల్ప భేదములలోనే.

నా అభిప్రాయములో ఈ లేసరు నిజమైన బలము చిన్న స్ఫటికములకంటె కాలమును చూపుటలోనున్నది. సాక్లాయందు 2016లో బాక్టీరియోరొడాప్సిను అను త్వచ ప్రోటీనుకు మొదట మామూలు లేసరు కాంతి తగిలించి, ఆ పిమ్మట కొన్ని నానోసెకనులనుండి మిల్లీసెకనులవరకు వేరువేరు వ్యవధులలో ఎక్స్ కిరణ తునుకలను ప్రయోగించి, పదమూడు పటములు తీసిరి. అవి వరుసగా పేర్చినచో, కాంతి తగిలిన ప్రోటీను ప్రోటానును త్వచమునకు ఆవలికి పంపుట చలనచిత్రమువలె కనబడును. వెనుకటి పద్ధతులు ఇచ్చినవి నిశ్చల చిత్రములు.

ఆకృతి తెలిసికొనుటకు ఇది యొక్కటే దారి కాదని కూడ చెప్పవలెను. ప్రోటీనును మంచుపొరలో నుంచి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచు విద్యకు 2017లో నోబెలు వచ్చినది. దానికి స్ఫటికమే అక్కరలేదు. అందువలన త్వచ ప్రోటీనులు పరిశోధించువారిలో పెక్కురు ఆ వైపునకు మరలిరి. ప్రోటీను గొలుసులోని వరుసను బట్టి గణనయంత్రముతో ఆకృతిని ఊహించు విద్యకు 2024లో నోబెలు వచ్చినది. లేసరు గుత్తాధిపత్యము లేదు. కాని అతివేగముగా జరుగు మార్పులను, కిరణములచే చెడని లోహపు గుత్తులను చూపుటలో దానికి సాటి లేదు.

త్వచ ప్రోటీనుల స్ఫటిక పరిశోధనలో మనవారి చేయియు కలదు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో పరిశోధన ప్రారంభించిన పెన్మత్స అరవింద్, అమెరికాలో ఎరిక్ గువో ప్రయోగశాలలో పనిచేయుచు, పండ్ల ఈగకు చెందిన డోపమిను వాహక ప్రోటీను ఆకృతిని 2013లో సహచరులతో కలసి ప్రకటించెను. దానిలో నార్‌ట్రిప్టిలీను అను మనోవ్యాధి మందు ఎచ్చట ఇరుకుకొనునో స్పష్టమైనది. తరువాత ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సొంత బృందమును ఏర్పరచుకొని, మందులను కణమునుండి బయటికి గెంటివేయు బాక్టీరియా ప్రోటీనులపై పనిచేసెను. అట్టి దొకదాని ఆకృతి, ఒంటెనుండి లభించిన చిన్న ప్రతిరక్షకము తోడుగా, 2021లో వెలువడినది. ఇవి లేసరుతో కాక మామూలు ఎక్స్ కిరణములతో సాధించినవి.

ఎక్స్ కిరణ లేసరు మన దేశములో లేదు. ఇండోరులోని ఇండస్-2 యంత్రములో ప్రోటీను స్ఫటికములకై వేరుగ ఒక కిరణమార్గ మున్నది గాని, అది ఫెమ్టోసెకనుల తునుకల నీయజాలదు. లేసరు కావలసినవారు అమెరికాకో, జపానుకో, దక్షిణ కొరియాకో, స్విట్జర్లాండుకో, జర్మనీకో దరఖాస్తు పెట్టుకొనవలెను. జర్మనీలో 2017లో ప్రారంభమైన యంత్రము 3.4 కిలోమీటర్ల పొడవు గలది. సెకనుకు 27,000 తునుకల నిచ్చును. స్టాన్‌ఫర్డులో 2023లో వెలిగిన క్రొత్త యంత్రము సెకనుకు పది లక్షలవరకు ఈయగలుగునట్లు నిర్మింపబడినది. ఫలితములను బహిరంగముగా ప్రకటించువారికి స్టాన్‌ఫర్డులో యంత్రపు అద్దె లేదు. కాని ఎంపికైనవారికి దొరకునది కొన్ని షిఫ్టుల సమయము మాత్రమే. మిగిలిన నెలల పని యంతయు స్వంత ప్రయోగశాలలోనిదే: ప్రోటీనును శుద్ధిచేయుట, ముద్ద కలుపుట, స్ఫటికములను సమానమైన సన్నని పలుకుగా పెంచుట. పెద్ద స్ఫటికముల కాలములో, పలకలలోని ద్రావణము బురదవలె మబ్బుపట్టినచో ప్రయోగము చెడినదని పారబోసెడివారు. ఇప్పుడు ఆ బురదను పారబోయుటకు ముందు ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, అందులో స్ఫటికములేమైన దాగియున్నవా యని వెదకుచున్నారు.